రెండో నంబర్ ఇంటి మెట్లు

కృష్ణానగర్,
జూలై 8.

బిడ్డా శ్రీనిధీ,

మీ కాలేజీల ఫోన్ పెట్టుకోనియ్యరు. ఆదివారం ఒక్కపూట ఆఫీసు ఫోన్ల మాట్లాడనిస్తరు. ఇప్పుడు నాకు ఆదివారమే డ్యూటీ పడ్డది. గేటు కాడ మా ఫోన్లు గూడ గుంజుకొని డబ్బాల వేస్తున్నరు. అందుకే ఈ కాగితం. తెలుగు బీఏ చదువుతున్నదానివి, నా తప్పులు జర చూసీచూడనట్టు పో.

డ్యూటీ ఏందంటే, మొన్న మా ఏజెంటు జంగయ్య పిలిచి, "తిరుమలేశ్, ఈసారి సినిమా కాదు, ఇల్లు," అన్నడు. జూబ్లీహిల్స్‌ల అచ్యుతరామయ్య గారని ఒక బిల్డర్ ఉన్నడు. శంకర్‌పల్లి దిక్కు టౌన్‌హోమ్‌లు కడతడట. పేరు 'స్వర్ణతోరణం, జూబ్లీహిల్స్ పడమటి పొడిగింపు'. జూబ్లీహిల్స్ నుంచి నలభై ఒక్క కిలోమీటర్లు పొడిగించిండు. గాడ ఇప్పుడు రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏం లేవు. అంతదూరం వచ్చి రాళ్ళు ఎవడు చూస్తడని, ఫిల్మ్‌నగర్‌ల ఒక ఖాళీ జాగ కిరాయికి తీసుకొని, సినిమా సెట్టు వేసేటోళ్ళతోటి మూడు ఇండ్లు నమూనాకు కట్టించిండు. గోడకు గోడ ఆనుకొని, ముందట గడ్డి, పూలకుండీలు, వరండ పక్కకు మీదికి మెట్లు. ప్లైవుడ్డే, కాని తట్టి చూస్తేగాని తెల్వదు.

ఖాళీ ఇండ్లు చూస్తే కొనబుద్ధి కాదట. అందుకని మమ్ముల పెట్టిండ్రు. రెండో నంబర్ ఇంటికి ఓనర్ని నేను. పేరు రిత్విక్ గారు, సాఫ్ట్‌వేర్ డైరెక్టర్. నా భార్య నిహారిక గారు, అంటే మన యూసుఫ్‌గూడ ఎల్లమ్మక్క. ఇద్దరం వరండల కూసోని కాఫీ తాగాలె. కప్పులల్ల కాఫీ ఉండదు, తాగినట్టు గుటక వెయ్యాలె. కంటిన్యూటీ కోసం ప్రతి ఆదివారం అదే తెల్ల లాల్చీ. ఇల్లు చూసేటందుకు వచ్చినోళ్ళు అడిగితే మంచిగుందని చెప్పాలె.

ఇరవై రెండేండ్ల సంది సినిమాలల్ల గుంపుల నిలబడ్డోణ్ణి. ఒకసారి డైరెక్టరు కట్ చెప్పుడు మర్చిపోతే టోలిచౌకి దాకా నడిచిపోయినోణ్ణి. నాకు డైలాగు దొరకడం ఇదే మొదటిసారి బిడ్డా. కాని రాసిచ్చేటోడు లేడు, 'మీరే ఏదో ఒకటి అనండి' అంటున్నరు. నువ్వు రాసి పంపు. సినిమా భాషల రాయి, మన భాష వద్దన్నరు.

మీ నాన్న,
తిరుమలేశ్.


వనపర్తి,
జూలై 14.

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా రూములో వాళ్ళకూ చదివి వినిపించాను. నాకు ఈమధ్య మాటలంటే పిచ్చి పట్టింది. 'వసారా' అనే మాట దొరికిన రోజున మెస్సులో సాంబారు వాసన కూడా బాగుందనిపించింది. అలాంటి సమయంలో నువ్వు డైలాగులు అడిగితే నేను ఊరుకుంటానా. రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని రాశాను.

ధర ఎక్కువ కదా అని ఎవరైనా అడిగితే: "మేము గోడలకు డబ్బు కట్టలేదు సార్. గోడల మధ్య దొరికే నిశ్శబ్దానికి కట్టాం."

ఊరికి దూరం కదా అంటే: "ఊరే ఇటు నడిచి వస్తోంది సార్. మేము కాస్త ముందొచ్చి కుర్చీలు వేసుకున్నాం."

మెట్లు చూపించేటప్పుడు: "పొద్దున్నే ఈ మెట్లు దిగి వస్తుంటే, జీవితంలో పైకి వచ్చామన్న సంగతి రోజూ గుర్తొస్తుంది సార్."

మూడోది చెప్పే ముందు ఒక్క క్షణం ఆగు. మెట్ల వైపు చూసి అప్పుడు చెప్పు. అమ్మకు ఈ పని సంగతి చెప్పావా? ఎల్లమ్మత్త నీ భార్య అన్న సంగతి కూడా చెప్పావా?

నీ కూతురు,
శ్రీనిధి.


కృష్ణానగర్,
జూలై 29.

బిడ్డా,

నీ డైలాగు పేలింది.

పది రోజుల కింద, ఆదివారం నాడు, ఆంధ్రా దిక్కు నుంచి జంట ఒకటి వచ్చింది. ఆయన పేరు బాబీ, ఆమె గీతిక. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. పైసలున్నోళ్ళని గప్పుడే సమజైంది. "కోటీ నలభై లక్షలంటే కాస్త ఎక్కువేమోనండీ," అన్నడు. నేను కప్పు కిందపెట్టి నిశ్శబ్దం డైలాగు చెప్పిన. ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "ఏవే గీతికా, విన్నావా ఆయనన్న మాట," అని భార్య భుజం మీద చెయ్యేసిండు. ఇండ్లు చూసుకుంట ముందటి సందుల తిరుగుతున్న పది కుటుంబాలు మా గేటు కాడికే వచ్చినయి. మళ్ళ చెప్పుమన్నరు. మళ్ళ చెప్పిన.

వారం తిరిగేసరికి ధర కోటీ అరవై అయింది. సేల్స్ మేనేజరు రఘునందన్ సార్ వచ్చి, "రిత్విక్ గారూ, ఇదంతా మీ వల్లే," అన్నడు. నన్ను గారు అన్నడు శ్రీనిధీ. గా లాల్చీ విప్పినంక గూడ అన్నడు.

మెట్ల సంగతి చెప్తా. మొత్తం తొమ్మిది ఉన్నయి. తొమ్మిదో మెట్టు మీద తలుపు ఉంటది, అది రంగుతోటి గీసిన బొమ్మ. పైన అంతస్తు లేదు. ఎవరన్న ఎక్కబోతే ఆపాలె. ఏమని ఆపాలో నువ్వు రాయలే, నేనే సొంతంగ అన్న: "పైన మా బిడ్డ చదువుకుంటున్నది సార్, జర చప్పుడు చెయ్యకున్రి." భాష తప్పింది గాని అందరు చెప్పులు చేతుల పట్టుకొని దిగిపోయిండ్రు.

మీ అమ్మకు ఎల్లమ్మక్క సంగతి చెప్పిన. "ఆమె మోకాళ్ళ నొప్పికి నువ్వే మందు రాయాల్నా," అని అడిగింది, అంతే.

నాన్న.


వనపర్తి,
ఆగస్టు 5.

నాన్నా,

పైన నేను చదువుకుంటున్నానన్న ముక్క దగ్గర ఆగి మళ్ళీ చదివాను. ఇంటర్ పరీక్షలప్పుడు అమ్మ కుట్టుమిషన్ కింద కాళ్ళు చాపుకుని చదివాను కదా. మిషన్ ఆగితే ఏకాగ్రత పోయేది. అదంతా నీకు గుర్తుందని నాకు తెలియదు.

ఇంకొకటి పంపుతున్నాను. ఎవరైనా ఆలోచించి చెప్తామంటే: "ఆలోచించండి సార్. మేము ఆలోచించినన్నాళ్ళూ అద్దె కట్టాం." ఇది నాకు చాలా నచ్చింది. మా తెలుగు మేడం కూడా బాగుందన్నారు. ఇల్లు అమ్మడానికని చెప్పలేదు, నాటకానికని చెప్పాను.

ఒక్క మాట నాన్నా. ఆ తలుపు బొమ్మే కదా. నువ్వు గుర్తు పెట్టుకుంటావని తెలుసు, అయినా రాస్తున్నాను.

శ్రీనిధి.


టౌన్‌హోమ్ నంబర్ 2,
స్వర్ణతోరణం, ఫిల్మ్‌నగర్,
ఆగస్టు 20.

బిడ్డా,

పై అడ్రసు చూసి పరేషాన్ కాకు. వారం సంది ఇక్కడనే ఉంటున్న. సెట్టుకు కాపలా మనిషి కావాలన్నరు, నేనుంట అన్న. అసలు కారణం మీ అమ్మ. ఆమెకు ఒక మాట చెప్పిన, "నీ ఇల్లు గాడనే ఉంటే గాడనే ఉండుపో," అన్నది.

ఆ మాట నీకూ చెప్తా, మంచిగ విను. మనం ఇల్లు కొంటున్నం. నమూనా కాదు, శంకర్‌పల్లి దిక్కు అసలుది. రెండో నంబరే. కృష్ణానగర్ ఇల్లు యాభై ఐదు గజాలు, డెబ్బై ఎనిమిది లక్షలకు అడిగేటోడు ఉన్నడు. దస్తావేజు నా పేరు మీదనే ఉన్నది. మిగిలింది లోను.

లోను ఎట్లనా? రఘునందన్ సార్‌ను అడిగిన. ఆయన కంప్యూటర్ల చూసి, "తిరుమలేశ్‌కైతే రాదు. రిత్విక్ గారికైతే రెండు కోట్ల దాకా వస్తుంది," అన్నడు. సాఫ్ట్‌వేర్ డైరెక్టర్ కదా. రిత్విక్ పేరు మీద కాగితాలు ఎట్ల తయారు చెయ్యాల్నో ఆలోచిస్తున్నరు.

నువ్వు నవ్వుతున్నవని తెలుసు. కాని బిడ్డా, పొద్దున నేను తొమ్మిదో మెట్టు కాడ కూసోని మెల్లగ దిగుతున్న. నువ్వు రాసింది అచ్చంగ నిజం. మన ఇంట్ల ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు. చెప్పులు విడిస్తే వంటిల్లు, కాలు చాపితే వీధి. గీ ఇంట్ల నీకు పైన రూము. కిటికీకి తెర. నువ్వు చదువుకుంటున్నవని నేను కిందికెల్లి అందరికి చెప్తా.

ఇప్పుడు ధర కోటీ తొంభై. నా డైలాగు తోటే పెరిగింది. జల్ది కొనకపోతే నేను ఇంక పెంచేటట్టున్న.

నాన్న.


వనపర్తి,
ఆగస్టు 26.

నాన్నా,

నేను నవ్వలేదు.

ఈ ఉత్తరంలో మంచి మాటలేవీ వెతకలేదు, తోచింది తోచినట్టు రాస్తున్నాను. పొద్దున ఐదింటికి మన సందు చివర షూటింగ్ బస్సు ఆగుతుంది. జంగయ్య కేకేస్తాడు. నువ్వు పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని కూడా ఎక్కేయగలవు. నలభై ఒక్క కిలోమీటర్ల అవతల ఎవరు కేకేస్తారు? అమ్మ దగ్గరికి డాన్సర్లు పదకొండింటికి బ్లౌజు గుడ్డ తెచ్చి రెండింటికి కుట్టి ఇమ్మంటారు. ఆ తుమ్మచెట్లకు అమ్మ ఏం కుడుతుంది? రిత్విక్ గారి లోనుకు వాయిదాలు ఎవరు కడతారు, రిత్విక్ గారా?

అసలు ఆ ఇంట్లో ఏముంది నాన్నా? గోడకు గోడ ఆనుకుని ఇండ్లు. మన కృష్ణానగర్‌లోనూ అంతే కదా. మనదాన్ని ఇరుకు అంటారు, దాన్ని టౌన్‌హోమ్ అంటారు. రెండు కోట్లు ఆ పేరుకా?

ఆ డైలాగులన్నీ నేను వెనక్కి తీసుకుంటున్నాను. నిశ్శబ్దం గురించి నాకేం తెలుసు? మిషన్ చప్పుడులో పెరిగినదాన్ని. ఆ పదం అందంగా ఉందని వాడాను, అంతే. నాకు పై రూము వద్దు. దయచేసి ఎక్కడా సంతకం పెట్టకు.

శ్రీనిధి.


ఫిల్మ్‌నగర్,
సెప్టెంబర్ 3.

బిడ్డా,

డైలాగులు వెనక్కి తీసుకునేటందుకు అవి చీరలా? నువ్వు రాసినవి, నేను చెప్పిన, జనం ఏడ్చిండ్రు. అబద్ధమైతే ఏడుస్తరా?

నీ ఉత్తరం చదివి ఆలోచించి చెప్తా అనుకున్న. అంతల్నే నువ్వే రాసింది యాదికొచ్చింది. ఆలోచించినన్నాళ్ళూ అద్దె కట్టాం. మనకు అద్దె లేదు గాని, మాట మాటే గదా.

ఇంక టైం లేదు. ధర రెండు కోట్ల పది. గా బాబీ గారికి గూడ రెండో నంబరే కావాల్నట. ప్రతి ఆదివారం వస్తడు, ప్రతి ఆదివారం మెట్ల దిక్కు చూసి నిట్టూరుస్తడు. "మీరు అమ్మేస్తారా ఏంటండీ రిత్విక్ గారూ, ఐదు లక్షలు ఎక్కువిస్తాను," అన్నడు. నాకు కోపమొచ్చి "పది ఎక్కువిచ్చినా ఇయ్య," అన్న. రఘునందన్ సార్ పక్కనే ఉండి రాసుకున్నడు, మర్నాడు పది పెరిగింది.

పెద్దోళ్ళు ఎంత సాదాగ ఉంటరో బాబీ గారిని చూసి నేర్చుకోవాలె. ఆరు వారాల సంది అదే గళ్ళ చొక్కా. ఎడమ జేబు మీద అదే సిరా మచ్చ. గీతిక గారిది అదే పసుపుపచ్చ చీర. చేతుల అదే నీళ్ళసీసా, సగం తాగింది. ఎప్పుడు చూసినా సగమే ఉంటది. బట్టల మీద సోకు లేదు, అందుకే ఇండ్లు కొంటున్నరు.

ఇరవై రెండో తారీకున కృష్ణానగర్ ఇల్లు అమ్మేటందుకు బయానా తీసుకుంటున్న. మీ అమ్మకు నువ్వే నచ్చజెప్పాలె. నీకు మాటలు మంచిగొస్తయి.

నాన్న.


వనపర్తి,
సెప్టెంబర్ 9. స్పీడ్ పోస్ట్.

నాన్నా,

నాకు ఏడేళ్ళప్పుడు నువ్వు ఒకే చొక్కా పదకొండు రోజులు ఉతకకుండా వేసుకున్నావు. అమ్మ బకెట్లో వేయబోతే లాక్కున్నావు. "సీను అయ్యేదాకా చొక్కా మారొద్దు, మచ్చ పోవద్దు, సీసాల నీళ్ళు తగ్గొద్దు," అన్నావు. దాన్ని కంటిన్యూటీ అంటారని నాకు నేర్పింది నువ్వే.

బాబీ గారి చొక్కా గురించి నువ్వు రాసింది మళ్ళీ ఒకసారి చదువుకో.

నా అనుమానం తప్పు కావచ్చు. తేల్చుకోవడానికి ఒక్కటే దారి ఉంది. వచ్చే ఆదివారం సందు నిండా జనం ఉన్నప్పుడు, ఏ డైలాగూ చెప్పకు. గట్టిగా 'కట్' అను. వాళ్ళు నిజంగా కొనడానికి వచ్చినవాళ్ళయితే నిన్ను పిచ్చివాడనుకుంటారు. అంతకంటే నష్టం లేదు.

శ్రీనిధి.


జంగయ్య రూము, కృష్ణానగర్,
సెప్టెంబర్ 17.

బిడ్డా,

నీ ఉత్తరం శనివారం అందింది. కట్ అనేది మేము అనే మాట కాదు. డైరెక్టరు తప్ప ఎవడన్నా దానికంటే పెద్ద తప్పు లేదు. ఒకసారి ఒక లైట్‌మ్యాన్ తుమ్ముతుంటే అట్లనే వినపడ్డదని పని నుంచి తీసేసిండ్రు. ఇరవై రెండేండ్లు ఆ మాట నా నోట్లకెల్లి రాలేదు.

ఆదివారం పదకొండింటికి సందు నిండింది. పదకొండు కుటుంబాలు. చక్రాల కుర్చీల ఒక పెద్దాయన, ఏడ్చే పసిపిల్లతోటి ఒకామె. ఆ రోజు అచ్యుతరామయ్య గారు గూడ జూబ్లీహిల్స్ నుంచి పెద్ద కారుల వచ్చిండు, ధర ఇంకెంత పెంచాల్నో చూసేటందుకు. బాబీ గారు గేటు కాడికి వచ్చి మెట్ల దిక్కు చూసి నిట్టూర్చిండు. గళ్ళ చొక్కా. సిరా మచ్చ. సీసా సగం.

"రిత్విక్ గారూ, ఇంటికి ఆత్మ అనేది..." అని మొదలుపెట్టిండు.

నేను లేచి నిలబడి కట్ అన్న.

బాబీ నోరు అక్కడనే ఆగింది. ఎత్తిన చెయ్యి దించిండు. గీతిక గారు ఎత్తు చెప్పులు విడిచి వేళ్ళు పిసుక్కున్నది. చక్రాల కుర్చీ పెద్దాయన లేచి నడుం విరుచుకున్నడు. పసిపిల్ల ఏడుపు ఆపింది, బిడ్డా, గంత చిన్నపిల్లకు గూడ తెలుసు. సెక్యూరిటీ ఆయన టోపీ తీసి బీడీ అడిగిండు. పదకొండు కుటుంబాలు నీడ వెతుక్కొని గోడవారకు కూసున్నయి. మా ఎల్లమ్మక్క, "లంచ్ బ్రేకా? ఇయ్యాల జల్ది ఇచ్చిండ్రే," అన్నది.

కదలకుంట నిలబడ్డది ఇద్దరే. రఘునందన్, అచ్యుతరామయ్య గారు.

"ఏమైందండీ, అందరూ ఎందుకు ఆగిపోయారు?" అని అచ్యుతరామయ్య గారు అడిగిండు. పాపం ఆయనకూ తెల్వదు. మమ్ముల పెట్టింది ఆయన. చూసేటందుకు జనం వస్తలేరని, కొలువు పోతదని భయపడి, తెనాలి దిక్కు నుంచి నాటకాలోళ్ళను తెచ్చి పెట్టింది రఘునందన్. జనాన్ని చూసి అచ్యుతరామయ్య గారు ధర పెంచుకుంట పోయిండు.

బాబీ నా కాడికి వచ్చి, "మీరూ ఆర్టిస్టేనా అండీ? మీ నిశ్శబ్దం డైలాగు విన్నాక నేను తెనాలిలో మా ఇల్లు బేరం పెట్టేశానండీ. రేపు అడ్వాన్సు తీసుకోవాలి," అన్నడు. నాది ఇరవై రెండున అని చెప్పిన. ఇద్దరం ఒకల మొకం ఒకలం చూసుకున్నం. పై అంతస్తు లేని ఇంటికి ఇద్దరం పోటీపడి డెబ్బై లక్షలు పెంచినం.

అచ్యుతరామయ్య గారు వచ్చి రెండో మెట్టు మీద కూలబడ్డడు. ప్లైవుడ్డు కిర్రుమన్నది. "అయితే కొనేవాళ్ళు ఒక్కరూ లేరన్నమాట," అన్నడు.

ఆయన మొకం చూసి నాకే బాధయింది. చెయ్యెత్తిన. "నేనున్న సార్. నిన్నటిదాకా," అన్న.

బయానా వద్దని చెప్పి వచ్చిన. సెట్టు విప్పుతున్నరు. మూడు వారాల కూలి ఇయ్యనీకి పైసలు లేవు, ఏమన్న సామాను తీసుకపోమన్నరు. నేను మెట్లు తీసుకున్న. తొమ్మిదీ. ట్రాలీ ఆటోల వేయించుకొని మన సందు మొగదాల జంగయ్య గోడకు ఆనించి పెట్టిన. కాని ఇంటికి పోలే. నాలుగు రోజుల సంది జంగయ్య రూములనే తింటున్న. మీ అమ్మ మిషన్ చప్పుడు ఈడికి వినపడుతున్నది. ఏమని పోవాలె?

ఆమె ముందట చెప్పేటట్టు ఒక మంచి డైలాగు రాసి పంపు. ఈసారి మన భాషల.

నాన్న.


వనపర్తి,
సెప్టెంబర్ 22.

నాన్నా,

రెండు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. ఆరు డైలాగులు రాశాను. బాగానే ఉన్నాయి, అందుకే చింపేశాను.

ఏమీ చెప్పకు. తలుపు కొట్టు.

శ్రీనిధి.


కృష్ణానగర్,
సెప్టెంబర్ 29.

బిడ్డా,

తలుపు కొట్టిన. మీ అమ్మ తీసింది. నా మొకం చూసింది, నా ఎనక మళ్ళ ఆటోకు ఎక్కించిన మెట్లు చూసింది. "ఇవి ఏడికి పోతయి?" అని అడిగింది. ఏడికి పోవు అన్న. వాటిని తెచ్చి కుట్టుమిషన్ పక్కకు నిలబెట్టుమన్నది.

ఇప్పుడు కింది నాలుగు మెట్ల మీద దారం డబ్బాలు, మీద నాలుగిట్ల కుట్టిన బ్లౌజులు, ఎవరివి వాళ్ళకు తెలిసేటట్టు. డాన్సర్లు వచ్చి మెట్లు చూసి పోతున్నరు, పైన ఏముందని అడుగుతున్నరు. మీ అమ్మ, "మా బిడ్డ చదువుకుంటున్నది," అంటున్నది. నేను నేర్పలే.

తొమ్మిదో మెట్టు నాకిచ్చింది. తల కప్పుకు తగులుతది, జర వంగి కూసుంట. నిన్న పొద్దున గాడ కూసుంటే కప్పు తెచ్చి చేతుల పెట్టింది. అలవాటు తోటి నోటి కాడ పెట్టుకొని ఉత్తగనే పెద్ద గుటక వేసిన.

అండ్ల చాయ్ ఉన్నది. నాలుక కాలింది. మీ అమ్మ మిషన్ ఆపి నవ్వింది.

నాన్న.